స్వాట్ 4: కాల్చకుండా గెలవడం ఎలా? మొదటిసారి ఆడేవాళ్ల కోసం

స్వాట్ 4 అనే కంప్యూటర్ ఆట ఆడే మొదటి రోజు అందరూ ఒకే తప్పు చేస్తారు. తలుపు తీస్తారు, లోపల తుపాకీ పట్టుకున్న మనిషి కనిపిస్తాడు, ఠక్కున కాల్చేస్తారు. వాడు పడిపోతాడు. మీ మనుషులందరూ క్షేమం, బందీలు క్షేమం. ఇంకేం, బాగా ఆడాం అనుకుంటారు. తీరా మిషన్ అయ్యాక వచ్చే లెక్కల పేజీలో ఎర్రగా ఒక వరుస ఉంటుంది: అన్‌ఆథరైజ్డ్ యూజ్ ఆఫ్ డెడ్లీ ఫోర్స్ (అధికారం లేకుండా ప్రాణం తీయడం), మైనస్ 10. అదేంటి, వాడి చేతిలో తుపాకీ ఉంది కదా అని మీకు ఒళ్లు మండుతుంది. తుపాకీ ఉన్నమాట నిజమే. కానీ దాని మూతి నేలవైపు ఉంది.

ఈ ఆటలో అసలు సంగతి అదే. నేల వైపు చూస్తున్న తుపాకీకీ మీ వైపు లేచిన తుపాకీకీ మధ్య ఉండే అర సెకనులో ఏం చేయాలో నేర్చుకోవాలి. ఈ గైడ్ అంతా ఆ అర సెకను కోసమే.

తెలియనివాళ్లకు క్లుప్తంగా చెప్తాను. స్వాట్ 4ను ఇర్రేషనల్ గేమ్స్ తయారుచేసింది, 2005లో పీసీకి వచ్చింది. కథ జరిగేది అమెరికా ఈశాన్యంలోని ఒక ఊహా నగరంలో, 2008లో. మీరు పోలీసు స్వాట్ బృందానికి, అంటే ప్రమాదకరమైన పనులకు పంపే సాయుధ దళానికి లీడర్. మీ వెనక నలుగురు ఆఫీసర్లు ఉంటారు, రెడ్ టీమ్‌లో ఇద్దరు, బ్లూ టీమ్‌లో ఇద్దరు. దోపిడీ దొంగలు, డ్రగ్స్ ముఠాలు, ఒక మతోన్మాద గుంపు, ఆడపిల్లల్ని ఎత్తుకుపోయే ఒక హంతకుడు, ఇలా 13 మిషన్లు. రక్తం, శవాలు, చూస్తే కడుపులో తిప్పే గదులు చాలానే ఉంటాయి. అమెరికా రేటింగ్ ప్రకారం ఇది ‘ఎం’, అంటే 17 ఏళ్లు నిండినవాళ్లకు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు పడుకున్నాక ఆడుకోండి.

ఇంకో మాట. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడి పెరిగిన వేళ్లయితే మీకు ఇది మొదట్లో నరకమే. అక్కడ ముందు కాల్చినవాడు బతుకుతాడు. ఇక్కడ ముందు కాల్చినవాడు పాయింట్లు పోగొట్టుకుంటాడు. నాకు ఆ అలవాటు వదలడానికి దాదాపు వారం పట్టింది.

ముందుగా ఇన్‌స్టాల్

ఇప్పుడు దీన్ని కొనాలంటే తేలిక దారి గాగ్ (GOG) అనే ఆటల సైటు. 2017 జనవరి నుంచి అక్కడ గోల్డ్ ఎడిషన్ దొరుకుతోంది. అసలు ఆటతో పాటు 2006లో వచ్చిన ‘ది స్టెచ్‌కోవ్ సిండికేట్’ అనే ఎక్స్‌పాన్షన్ కూడా అందులోనే ఉంటుంది, దాంతో ఇంకో 7 మిషన్లు. ఆట పాతది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. ఒక్కటే చిక్కు, వెడల్పు స్క్రీన్‌ను అది సరిగ్గా పట్టించుకోదు. మనుషులు సాగదీసినట్టు కనిపిస్తే సెట్టింగ్స్ ఫైల్లో రిజల్యూషన్ అంకెలు చేత్తో మార్చుకోవాలి.

అసలు ఆటకూ ఎక్స్‌పాన్షన్‌కూ వేరువేరుగా రెండు ఐకాన్లు వస్తాయి. మొదట అసలు ఆటే తెరవండి. అభిమానులు చేసిన ‘స్వాట్: ఎలీట్ ఫోర్స్’ అనే మాడ్ (అసలు ఆటను మార్చే అదనపు ఫైళ్లు) చాలా బాగుంటుంది, కానీ దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అది ఎక్స్‌పాన్షన్ మీద నడుస్తుంది, నియమాలు కూడా మరింత బిగుతుగా ఉంటాయి. ఆట కొద్దిగా చేతికొచ్చాక పెట్టుకోవచ్చు.

రివర్‌సైడ్ ట్రైనింగ్ అని ఒకటుంటుంది. ట్రైనింగే కదా అని దాటేయకండి. ఇరవై నిమిషాల పని. ఆర్డర్లు ఎలా ఇవ్వాలో అక్కడ తెలుసుకోకపోతే మొదటి మిషన్లో మీ నలుగురూ తలుపు ముందు విగ్రహాల్లా నిలబడి ఉంటారు, మీరు కీబోర్డు వెతుక్కుంటూ ఉంటారు.

బయల్దేరే ముందు

ప్రతి మిషన్‌కూ ముందు బ్రీఫింగ్ ఉంటుంది. లోపల ఎవరున్నారు, ఎవరి పేరు ఏంటి, ఎన్ని దారులున్నాయి, అన్నీ చెబుతారు. కొన్నింటికి 911కి (అమెరికాలో అత్యవసర నంబరు) వచ్చిన ఫోన్ కాల్ రికార్డింగ్ కూడా ఉంటుంది. అది తప్పకుండా వినండి. ఆ గొంతులో వణుకు వింటే మిషన్ మీద మీకున్న చూపే మారిపోతుంది. పైగా లోపల ఎలాంటివాళ్లున్నారో కాస్త పోలిక తెలుస్తుంది. ఒక్కటి మాత్రం ఏ బ్రీఫింగూ చెప్పదు, ఎవరు ఏ గదిలో ఉన్నారో. ఆడిన ప్రతిసారీ మనుషుల చోట్లు మారిపోతాయి. నిన్న వంటగదిలో దొరికినవాడు ఇవాళ మెట్ల మీద ఉంటాడు. అందుకే యూట్యూబ్‌లో వీడియో చూసి బట్టీ పట్టి ఆడదామంటే కుదరదు.

తర్వాత సామాన్లు. కొత్తవాళ్లు ఇక్కడ తుపాకీ బొమ్మలు చూస్తూ పావుగంట గడిపేస్తారు. ఏ తుపాకీ అయినా పర్వాలేదు, నిజంగా. ముందు చూసుకోవాల్సింది మిగతా వస్తువులు.

ఆప్టివాండ్ తప్పకుండా ఉండాలి. పొడుగాటి కడ్డీ చివర చిన్న కెమెరా. తలుపు కింది సందులోంచి దూర్చి లోపల ఎవరున్నారో చూడొచ్చు, మూల దగ్గర నిలబడి పక్కకు కూడా చూడొచ్చు. ఇది లేకుండా ఆడటం అంటే కళ్లకు గంతలు కట్టుకుని రోడ్డు దాటడమే.

ఫ్లాష్‌బ్యాంగ్‌లు మూడు నాలుగు. మనిషి కళ్లూ చెవులూ కాసేపు పనిచేయకుండా చేస్తాయి. స్టింగర్ రబ్బరు గుళ్లు చిమ్ముతుంది, సీఎస్ గ్యాస్ కళ్లు మండిస్తుంది. గ్యాస్ తీసుకెళ్తే మాత్రం మీకూ మీ వాళ్లకూ హెల్మెట్‌కు బదులు గ్యాస్ మాస్క్ పెట్టుకోవాలి, లేకపోతే అందరూ కలిసి దగ్గుతూ కూర్చుంటారు. హెల్మెట్ తలను గుండు నుంచి కాపాడుతుంది, మాస్క్ కాపాడదు. ఏదో ఒకటే. నేను మొదట్లో హెల్మెట్, ఫ్లాష్‌బ్యాంగ్ చాలు అంటాను.

పెప్పర్ స్ప్రే గానీ టేసర్ (కరెంటు షాక్ ఇచ్చే తుపాకీ) గానీ ఒకటి ఉంచుకోండి. దీని అవసరం ఎక్కడొస్తుందో కింద చెప్తాను.

మీ ఆఫీసర్లలో ఒకరికి లెస్ లీథల్ షాట్‌గన్ ఇవ్వండి. గుండు బదులు బీన్‌బ్యాగ్, అంటే గట్టి చిన్న సంచి వచ్చి తగులుతుంది. మనిషి వంగిపోతాడు, చావడు. మీరే పట్టుకుంటే మాత్రం తలకు గురిపెట్టొద్దు. గుళ్ల రకం కూడా ఎంచుకోవచ్చు. ఫుల్ మెటల్ జాకెట్ కవచాన్ని ఛేదిస్తుంది, పలచటి అడ్డును కూడా దాటుకుపోతుంది. గోడ వెనక బందీ ఉంటే అంతే సంగతులు. హాలో పాయింట్ అంత దూరం పోదు. బందీలున్న ఇరుకు ఇళ్లకు నేను హాలో పాయింటే వాడతాను.

తలుపు దగ్గర

నన్ను అడిగితే ఈ ఆట మొత్తం తలుపుల ఆట. ఒక్కో తలుపుకూ ఇలా చేయండి.

తలుపుకు పక్కగా నిలబడండి, ఎదురుగా వద్దు. ఆప్టివాండ్ కిందనుంచి పెట్టి నిదానంగా అటూ ఇటూ తిప్పండి. బూట్లు కనిపిస్తాయి, కుర్చీ కాళ్లు కనిపిస్తాయి, ఒక్కోసారి మోకాళ్ల మీద కూర్చున్న బందీ కనిపిస్తాడు. తొందరపడి తీసేయకండి. తిరుగుతున్న మనిషి మీ చూపులోకి రావడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. ఎక్కువమంది చచ్చేది ఇక్కడే, ఖాళీ గది అనుకుని.

గది ఖాళీ అని రూఢి అయితే ‘ఓపెన్ అండ్ క్లియర్’ చాలు. మనుషులుంటే ‘బ్యాంగ్ అండ్ క్లియర్’, అంటే ఒకడు తలుపు తీసి ఫ్లాష్‌బ్యాంగ్ విసిరితే మిగతావాళ్లు లోపలికి దూరతారు. తాళం వేసి ఉంటే టూల్‌కిట్‌తో తాళం తీయొచ్చు. చప్పుడు ఉండదు, టైము పడుతుంది. లేదా సీ2 పేలుడు పదార్థం అంటించి తలుపును పేల్చేయొచ్చు, అప్పుడు దాని వెనకున్నవాడు అదిరిపడతాడు. కానీ తలుపు పక్కనే బందీ ఉంటే దెబ్బ ఎవరికి తగులుతుందో ఆలోచించండి. అందుకే ముందు ఆప్టివాండ్.

చాలామంది వాడని వస్తువు ఒకటుంది, డోర్ వెడ్జ్. తలుపు కింద దూర్చే చిన్న మేకు లాంటిది. అటువైపు నుంచి ఎవరూ తీయలేరు. మీరు కుడివైపు గది చూస్తుండగా ఎడమవైపు తలుపులోంచి ఒకడొచ్చి వెనకనుంచి కాల్చడమనేది ఈ ఆటలో రోజూ జరిగే ఘోరం. ఇంకా చూడని తలుపులకు వెడ్జ్ కొట్టుకుంటూ పోతే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది. తర్వాత టూల్‌కిట్‌తో తీసేసుకోవచ్చు.

మీరే ముందు దూరకండి. లీడర్ చస్తే ఆట అయిపోతుంది. మీ ఆఫీసర్లు కొన్నిసార్లు తెలివితక్కువగా దారికి అడ్డం నిలబడతారు, కానీ గది క్లియర్ చేయడంలో కొత్త ఆటగాడికన్నా ఎన్నో రెట్లు నయం. వాళ్ల హెల్మెట్ కెమెరాలో ఏం కనిపిస్తోందో మీ స్క్రీన్ మూలలో పెట్టుకోవచ్చు. వాళ్లను లోపలికి పంపి, ఆ చిన్న కిటికీలో చూస్తూ, మీరు గుమ్మం బయట నిలబడండి.

అరవడం

ఇక ఆ అర సెకను.

మనిషి కనిపించగానే మీ వేలు మొదట వెళ్లాల్సింది అరిచే బటన్ మీదకు. తుపాకీ కింద పడేయ్, చేతులెత్తు అని మీ పాత్ర గట్టిగా అరుస్తుంది. ఒక్కసారి అరిచి ఊరుకోవద్దు. మళ్లీ మళ్లీ అరవండి. ఎదుటివాడి ధైర్యం ఎంత ఉందో ఆట లోలోపల లెక్క వేసుకుంటూ ఉంటుంది. చుట్టూ తుపాకులు, కళ్లు మండుతున్నాయి, చెవులు గింగురుమంటున్నాయి, ఎవడో అరుస్తున్నాడు అంటే ఆ ధైర్యం కరుగుతుంది. అందుకే ఫ్లాష్‌బ్యాంగ్ పడిన వెంటనే అరిచిన అరుపుకు ఉన్న బలం ఊరికే అరిచినదానికి ఉండదు.

అరిచాక మూడింట్లో ఒకటి జరుగుతుంది. వాడు తుపాకీ పడేసి మోకాళ్ల మీద కూర్చుంటాడు, మంచిదే. లేదా పారిపోతాడు. పారిపోయేవాడి వీపు మీద కాల్చొద్దు, దానికి కూడా పాయింట్ల కోతే. ఎటు పోయాడో గుర్తుపెట్టుకుని మళ్లీ తలుపుల పని మొదలుపెట్టండి. మూడోది, తుపాకీ మీ వైపో బందీ వైపో లేస్తుంది. అప్పుడు కాల్చండి, ఆలోచించొద్దు. దానికి ఎవరూ ఏమీ అనరు.

చేతులు చూడటం అలవాటు చేసుకోండి. మొహం చూస్తే లాభం లేదు. మోచెయ్యి కదిలిందా, తుపాకీ మూతి లేస్తోందా, అంతవరకే మీ కళ్లు. రెండో వారంలో ఒక రాత్రి నాకు ఇది మొదటిసారి తెలిసొచ్చింది. ఒకడు గల్లీ లాంటి ఇరుకు వరండాలో నిలబడి ఉన్నాడు, తుపాకీ కిందికి వేలాడుతోంది. నేను అరుస్తున్నాను. వాడు నన్నే చూస్తున్నాడు, కదలట్లేదు. నాలుగుసార్లు అరిచాను. నా వేలు ట్రిగ్గర్ మీద వణుకుతోంది. ఐదోసారికి తుపాకీ నేల మీద పడిన చప్పుడు. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన ఆనందం ఏ హెడ్‌షాట్‌కూ రాలేదు.

అరిచినా వినకుండా, చేతిలో ఏమీ లేకుండా మొండికేసి నిలబడేవాళ్లు కూడా ఉంటారు, ముఖ్యంగా బందీలు. భయంతో గడ్డకట్టుకుపోయి ఉంటారు, లేదా మీ మీదే తిరగబడి తిడతారు. పెప్పర్ స్ప్రే వీళ్లకోసమే. పాపం అనిపిస్తుంది గానీ, వాళ్లు లొంగకపోతే ముందుకు కదలలేరు. ఎక్స్‌పాన్షన్‌లో అయితే చేత్తో ఒక గుద్దు గుద్దే వీలు కూడా పెట్టారు.

లొంగినవాళ్లందరికీ సంకెళ్లు వేయాలి, బందీలకు కూడా. ఇది మొదట వింతగా ఉంటుంది. దొంగ ఎవరో బందీ ఎవరో తేలేదాకా అందరికీ ఒకటే పద్ధతి. సంకెళ్లు వేశాక వైర్‌లెస్‌లో కంట్రోల్‌కు రిపోర్ట్ చేయాలి. పట్టుబడినవాడు, చచ్చినవాడు, దొరికిన బందీ, గాయపడిన మీ ఆఫీసరు, ఒక్కొక్కరి గురించీ విడిగా. కింద పడిన తుపాకులు ఏరాలి. ఈ మూడూ ఎప్పుడూ ఒకే వరుసలో చేయండి: సంకెళ్లు, రిపోర్ట్, తుపాకీ. వరుస తప్పితే చివర్లో ఏదో ఒకటి మిగిలిపోయి, ఇల్లంతా మళ్లీ వెతకాల్సి వస్తుంది.

ఫెయిర్‌ఫాక్స్ ఇల్లు

మొదటి మిషన్ ఫుడ్ వాల్ అనే రెస్టారెంట్. అది వేడెక్కడానికి. రెండోదాంతో ఆట అసలు రంగు బయటపడుతుంది. ఫెయిర్‌ఫాక్స్ రెసిడెన్స్ అంటే స్వాట్ 4 ఆడినవాళ్లెవరికైనా ఇప్పటికీ గుర్తే.

మామూలు వీధిలో మామూలు ఇల్లు. లారెన్స్ ఫెయిర్‌ఫాక్స్ అనేవాడి కోసం వారెంట్‌తో వెళ్తారు. అతనితో పాటు ఇంట్లో ముసలి తల్లి గ్లాడిస్ ఉంటుంది. ఎత్తుకొచ్చిన ఒక అమ్మాయి కూడా ఎక్కడో ఉందని అనుమానం. ముఠా లేదు, బాంబులు లేవు. లెక్కకు ఇది తేలికైన మిషన్. అయినా మొదటిసారి ఆడేటప్పుడు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది.

ఇక్కడ తొందరపడేంత మంది శత్రువులు లేరు కాబట్టి, పైన చెప్పిన పద్ధతులన్నీ సాధన చేయడానికి ఇంతకు మించిన చోటు లేదు. పై అంతస్తుల గదులు ఒక్కొక్కటిగా చూసి, చూడని తలుపులకు వెడ్జ్‌లు కొట్టండి. ముసలావిడ కనిపిస్తే వాదిస్తుంది, మాట వినదు. ఆమె మీద ఫ్లాష్‌బ్యాంగ్ వేయాల్సిన పని లేదు. దూరంగా నిలబడి అరుస్తూ ఉండండి, చాలావరకు అదే సరిపోతుంది. ఆమె చేతులకు సంకెళ్లు వేస్తున్నప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఉండాలనే అలా పెట్టారనుకుంటా.

తర్వాత సెల్లార్. మెట్లు దిగేముందు టార్చ్ వేసుకుని, రెడ్ టీమ్‌ను ముందు పంపండి, బ్లూ టీమ్‌ను మెట్ల పైనే ఉంచండి. లారెన్స్ కిందే ఉంటాడన్న గ్యారంటీ లేదు, మీరు దిగాక పైనుంచి రావచ్చు. కింద గోడల మీద ప్లాస్టర్‌తో పోత పోసిన ఆడవాళ్ల మొహాలు కనిపిస్తాయి. కళ్లు మూసుకుని ఉన్న మొహాలు. ఎవరూ ఏమీ చెప్పరు, సంగీతం పెరగదు, ఒక్క కథా పాత్ర కూడా వివరించదు. ఇంతకుముందు ఈ ఇంట్లో ఎంతమందికి ఏం జరిగిందో మీకే అర్థమైపోతుంది.

సరిగ్గా ఇక్కడే వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్తుంది. ఆ మొహాలు చూశాక లారెన్స్ ఎదురుపడితే కాల్చేయాలనే అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కాల్చాను కూడా. కోత పడింది. రెండోసారి ఆడినప్పుడు పళ్లు బిగబట్టి అరిచాను. తలుపు చాటున ఉన్నాడు, లోపలికి ఫ్లాష్‌బ్యాంగ్ పడేయించి, నేనూ ఇద్దరు ఆఫీసర్లూ ఒకేసారి అరిచేసరికి లొంగిపోయాడు. సంకెళ్లు వేసి, రిపోర్ట్ చేసి, అప్పుడు ఆ అమ్మాయి కోసం వెతికాం.

మార్కుల సంగతి

ప్రతి మిషన్‌కూ 100 పాయింట్లు. ఈజీలో ఎన్ని వచ్చినా దాటేస్తారు, నార్మల్‌లో 50 కావాలి, హార్డ్‌లో 75, ఎలీట్‌లో 95. అనవసరంగా గాయపరిస్తే 5 పోతాయి, అనవసరంగా చంపితే 10. బందీ చనిపోతే మిషనే పోయినట్టు. అందరినీ ప్రాణాలతో పట్టుకున్నా, మీకు గాయం కాకపోయినా, మీ ఆఫీసర్లెవరూ పడిపోకపోయినా పాయింట్లు కలుస్తాయి. ఎలీట్‌లో పోగొట్టుకోవడానికి మీ చేతిలో ఉన్నవి ఐదే, అంటే అనవసరంగా ఒక్కణ్ని చంపినా దాటలేరు. మొదట నార్మల్‌లో ఆడండి. ఈజీలో ఆడితే చెడ్డ అలవాట్లన్నీ అలాగే ఉండిపోతాయి, ఎన్ని తప్పులు చేసినా ముందుకు పంపేస్తుంది కాబట్టి.

స్నేహితులతో ఆడాలంటే ఐదుగురు దాకా కలిసి ఆడొచ్చు. పాత ఆన్‌లైన్ సర్వీసు గేమ్‌స్పై 2014లో మూతపడింది. ఇప్పుడు ఐపీ అడ్రస్ కొట్టి నేరుగా కలవడమో, ఒకే రూమ్‌లో లాన్ పెట్టుకోవడమో చేయాలి. మనుషులతో ఆడితే ఒక కొత్త బాధ మొదలవుతుంది. మీరు ఐదుసార్లు అరిచి ఒకణ్ని లొంగదీస్తుంటే పక్కనున్న మీవాడు టప్పుమని కాల్చేస్తాడు. అలాంటి ఫ్రెండ్ ఒకడు ప్రతి గ్రూపులోనూ ఉంటాడు. వాడికి టేసర్, పెప్పర్ స్ప్రే ఇచ్చి వెనకాల నడిపించండి.

ఇదే తరహాలో కొత్త గ్రాఫిక్స్‌తో ఏదైనా కావాలంటే ‘రెడీ ఆర్ నాట్’ ఉంది, 2023 డిసెంబరులో పూర్తి రూపంలో వచ్చింది. దానికి మంచి కంప్యూటర్ కావాలి, అందులో శత్రువులు చాలా వేగంగా కాలుస్తారు. ఇక్కడ సాధన చేసి వెళ్తే అక్కడ తక్కువసార్లు చస్తారు.

ఫెయిర్‌ఫాక్స్ అయ్యాక వచ్చేది క్విక్ ఫ్యూయెల్ అనే పెట్రోల్ బంకు కొట్టు. సరుకుల అరల మధ్య సందులు ఇరుకు, ఎవరు ఎటునుంచి వస్తారో తెలీదు. బయల్దేరే ముందు బీన్‌బ్యాగ్ షాట్‌గన్ బ్లూ టీమ్‌లో ఒకరికి ఇచ్చారో లేదో చూసుకోండి, మీ బ్యాగులో ఒక వెడ్జ్ ఎక్కువ పెట్టుకోండి.